పాత చబ్ తాళం ఒరిజినల్ కీకి కూడా తెరుచుకోకపోతే
బ్రదర్, మీ తాతగారింటి తలుపుకున్న చబ్ డిటెక్టర్ తాళం ఒరిజినల్ కీ పెట్టినా తెరుచుకోవట్లేదు, అంతకుముందు ఎవరో వేరే తాళంచెవితో కెలికారు అన్నారు కదా, అయితే అది పాడయ్యుండదు, దాని పని అది చేసింది అంతే. 1818లో జెరెమయా చబ్ పేటెంట్ తీసుకున్న డిజైన్ అది, తప్పుడు కీతో లోపలి ఏ లివర్ (కీ తిప్పితే పైకి లేచే పలక) అయినా మరీ పైకి లేస్తే స్ప్రింగ్ దాన్ని అక్కడే పట్టేస్తుంది, ఇంక అసలు కీకి కూడా గడియ కదలదు, దాంతో ఎవరో చెయ్యి పెట్టారని ఓనర్‌కి తెలిసిపోతుంది. ఎంత గొప్ప ఆలోచనో చూడండి!

ఒరిజినల్ కీనే ఒకసారి రివర్స్‌లో, అంటే తాళం వేసే వైపు తిప్పండి, లివర్ విడిపోతుంది, తర్వాత మామూలుగా తెరవండి. మరీ తొలి మోడల్ అయితే రీసెట్‌కి వేరే రెగ్యులేటర్ కీ కావాలి, 1824లో డిజైన్ మార్చాక ఆ అవసరం పోయింది.

బలవంతం మాత్రం చేయొద్దు, ఆకురాయితో కీ అంచులు అస్సలు అరగదీయనివ్వొద్దు, ఒరిజినల్ కీ పోతే మళ్లీ రాదు. బిగుతుగా ఉంటే కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టి జిగురైపోతుంది, కాస్త గ్రాఫైట్ పొడి చాలు. తాళం మీద నంబర్ కొట్టి ఉంటే క్లియర్‌గా ఒక ఫొటో పెట్టండి.