కొలైడర్ కెలోరీమీటరును ‘ఉష్ణమాపకం’ అనవచ్చునా?

సందేహం: జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాకేంద్రంలో, కణాలను ఢీకొట్టించే యంత్రమైన కొలైడర్ ప్రయోగాలకు వాడే కెలోరీమీటర్ల గురించిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. కెలోరీమీటరును ‘ఉష్ణమాపకం’ అనీ, అప్‌గ్రేడ్ చేయడాన్ని ‘ఉన్నతీకరణ’ అనీ, టెస్ట్ బీమ్‌ను ‘పరీక్షాపుంజం’ అనీ రాశాను. ఇవి సాధువులేనా?

సమాధానం: ‘ఉష్ణమాపకం’ అనే మాట తెలుగులో ఖాళీగా లేదు, దాన్ని థర్మామీటరుకు ఎప్పుడో ఇచ్చేశాం. బడి ప్రయోగశాలలో వేడిచేసిన సీసపు గుళ్లను నీళ్లలో వేసి విశిష్టోష్ణం కనుక్కునేటప్పుడు ఆ నీళ్ల పాత్ర కెలోరీమీటరు, అందులో ముంచేది ఉష్ణమాపకం. పైగా కొలైడర్‌లోని పరికరం కొలిచేది ఉష్ణాన్ని కాదు. సెర్న్‌లోని సీఎంఎస్ అనే ప్రయోగపు కెలోరీమీటరులో సుమారు 76 వేల లెడ్ టంగ్‌స్టేట్ స్ఫటికాలున్నాయి. ఎలక్ట్రానో ఫోటానో వాటిలో ఒకదాన్ని తాకితే కణాల జల్లు పుట్టి, దాని శక్తి అంతా ఖర్చయ్యే లోపల స్ఫటికంలో వెలుగు పుడుతుంది. ఆ వెలుగును బట్టి వచ్చిన కణం శక్తిని లెక్కగడతారు. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే ఆ వెలుగు సుమారు రెండు శాతం తగ్గిపోతుంది కనుక స్ఫటికాలను 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 0.05 డిగ్రీకి మించి తేడా రాకుండా కాపాడుతూ వచ్చారు. వేడి సోకితే లెక్క తప్పే పరికరాన్ని ఉష్ణమాపకం అంటే చదువరి దారి తప్పుతాడు. ఇక ఒక్క కెలోరీ అంటే, కణాల శక్తిని చెప్పే కొలతలో, దాదాపు 2.6 కోట్ల టెరా ఎలక్ట్రాన్ వోల్టులు; దాని ముందు ఒక్కో కణం శక్తి లెక్కలోకే రాదు, కాబట్టి కెలోరీలు కొలవడమనే మాటకూ ఇక్కడ చోటు లేదు.

అయినా ‘కెలోరీమీటరు’నే ఉంచమంటాను. లావోషియే 1789లో ఆ పేరు పెట్టింది మంచు కరిగిన నీటిని తూచి ఉష్ణాన్ని కొలిచే పాత్రకు. కణభౌతికులు ‘ఉష్ణం’ అనే మూలార్థాన్ని వదిలి పేరును మాత్రం తీసుకున్నారు. మన ‘నూనె’ సంగతీ అంతే. అది నువ్వుల నెయ్యి; అయినా కొబ్బరినూనెలో ఎవరూ నువ్వులు వెతకరు. వ్యాసంలో మొదటిసారి ‘కణాల శక్తిని కొలిచే కెలోరీమీటరు’ అని విడమరిస్తే చాలు. ‘కణశక్తిమాపకం’ కూడా సాధువే, కాస్త బరువైన మాట. ‘కెలోరీమాపకం’ సంస్కృతపు మాటను పరభాష మాటతో అతికిన వైరిసమాసమని కొందరంటారు గానీ, ‘జిల్లాధికారి’ని సంధితో సహా ఒప్పుకున్నవాళ్లం దీన్ని కాదనడం న్యాయం కాదు.

‘ఉన్నతీకరణ’లోని ‘ఈ’ సంస్కృతంలో చ్విప్రత్యయం తెచ్చినది. కానిదాన్ని అయ్యేలా చేయడం దాని అర్థం. ప్రాథమికోన్నత పాఠశాల ఉన్నత పాఠశాల అయితే ఆ మాట అతికినట్టు సరిపోతుంది. సీఎంఎస్ నడిమి భాగంలో స్ఫటికాలను అలాగే ఉంచి, వాటి సంకేతాలను చదివే ఎలక్ట్రానిక్ పరికరాలను మారుస్తారు. దీన్ని ‘నవీకరణ’ అనండి. రెండు కొసల్లోనివి వికిరణం తాకిడికి పారదర్శకత కోల్పోతున్నందున వాటిని తీసేసి, సిలికాన్ పలకలతో, కణం తాకితే మెరిసే పలకలతో చేసిన వేరే కెలోరీమీటరును బిగిస్తారు. అక్కడ ఏ ‘కరణ’మూ అక్కర్లేదు, ‘పాతది తీసి కొత్తది అమర్చడం’ అంటే సరిపోతుంది.

‘పరీక్షాపుంజం’ సాధువే, పరీక్ష కోసం వాడే పుంజమని విగ్రహవాక్యం, చతుర్థీ తత్పురుషం. విడిగా ఉంటే ‘పరీక్ష’ అని హ్రస్వం, సంస్కృత సమాసంలో ‘పరీక్షా’ అని దీర్ఘం. కాబట్టి రెండు మాటలుగా విడదీయక కలిపి రాయండి. సీఎంఎస్ కొసలకు రానున్న కెలోరీమీటరు నమూనా మీదికి 2018లో 20 నుంచి 300 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ముందే శక్తి తెలిసిన పాజిట్రాన్ పుంజాలను పంపి, అది చూపిన అంకెలు సరిపోతున్నాయో లేదో చూశారు. తక్కెడలో పడికట్టు రాయి వేసి చూడడం లాంటిదే ఈ పని. తక్కెడ నిజం చెబుతోందా అని చూస్తే పరీక్ష, ఆ రాయిని బట్టి ముల్లు కింద గీతలు దిద్దితే క్రమాంకనం. మీ వ్యాసంలో రెండుచోట్లా ‘పరీక్షించారు’ అనే ఉన్నట్లయితే, గీతలు దిద్దినచోట ‘క్రమాంకనం చేశారు’ అని మార్చండి.