ముసురు పట్టినప్పుడు ఇంక్యుబేటర్‌లో నీళ్లు పోయొద్దు

ప్రశ్న: నూరు గుడ్లు పట్టే ఫ్యాన్ ఇంక్యుబేటర్‌లో నాటుకోడి గుడ్లు పొదిగిస్తున్నాను. ఎండాకాలంలో పిల్లలు బాగానే దిగాయి. అక్టోబరు నుంచి సగం కూడా రావడం లేదు. 21వ రోజుకే పిల్లలు మొదలవుతున్నాయి గానీ, మిగిలిన గుడ్లు పగలగొట్టి చూస్తే నిండుగా పెరిగిన పిల్ల చచ్చి, లోపల నీరు కనిపిస్తోంది. బయటికొచ్చిన వాటికీ పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా ఉంటోంది. నీళ్ల ట్రేలు రెండూ ఎప్పుడూ నిండుగా ఉంచుతున్నాను, రోజూ గుడ్ల మీద నీళ్లు కూడా చల్లుతున్నాను. తేమ మీటరు 60 శాతం చూపిస్తోంది. లోపం ఎక్కడుంది?
– ఓ రైతు, అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు చెప్పిన గుర్తులన్నీ తేమ ఎక్కువైందనే చెబుతున్నాయి. వేడి తక్కువైనా పొట్టలు ఉబ్బుతాయి, కానీ అప్పుడు పిల్లలు 22, 23 రోజులకు గానీ రావు. మీకు 21కే వస్తున్నాయి కాబట్టి వేడి జోలికి పోకండి, 37.5 డిగ్రీల దగ్గరే ఉంచండి.

గుడ్డు పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి. పొదిగే 18 రోజుల్లో వాటి గుండా గుడ్డు బరువులో సుమారు 12 శాతం నీరు ఆవిరై పోవాలి. పోయినంత మేర మొద్దు కొన వైపు గాలి గది పెరుగుతుంది. 19, 20 రోజుల్లో పిల్ల ముక్కుతో పొర చీల్చి, ఆ గదిలోని గాలితోనే మొదటి ఊపిరి తీసుకుంటుంది. నీరు పోకపోతే గది చిన్నదిగా ఉండిపోతుంది, పిల్లకు తిరగడానికి చోటుండదు, ముక్కులోకి నీరు పోయి ఊపిరాడక చస్తుంది. మీ గుడ్లలో జరుగుతున్నది ఇదే.

ఎండాకాలంలో పనిచేసిన పద్ధతి ఇప్పుడెందుకు పనిచేయడం లేదంటే, తేడా బయటి గాలిలో ఉంది. ముసురు రోజున గది 28 డిగ్రీలు, తేమ 90 శాతం ఉందనుకుందాం. ఆ గాలినే 37.5 డిగ్రీలకు వేడి చేస్తే తేమ 53 శాతం దగ్గర నిలుస్తుంది. మొదటి 18 రోజులకు కావాల్సింది 50–55. అంటే చుక్క నీరు పోయకుండానే సరిపోయింది! దానికి తోడు నూరు గుడ్లు కలిసి 18 రోజుల్లో అర లీటరు పైగా నీటిని వదులుతాయి. అదే మే నెలలో 40 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న గాలి ఇంక్యుబేటర్‌లోకి వస్తే 29 శాతమే ఉంటుంది. అప్పుడు ట్రేలు రెండూ కావాలి. ఉదయగిరి, దర్శి వైపు మెట్ట ఊళ్లలో పాటించే లెక్క సముద్రం పక్కన ఉన్న మీకు ఈ కాలంలో కుదరదు. గదిలో బల్బు వేసి వేడి చేసినా లాభం లేదు, గాలిలోని నీరు ఎక్కడికీ పోదు.

అందుకని వచ్చే బ్యాచ్‌కు మొదటి రోజు నుంచే ట్రేలు ఖాళీగా ఉంచండి. గాలి రంధ్రాలు పూర్తిగా తెరవండి. చల్లడం మానేయండి. బాతు గుడ్లకు కొందరు చల్లుతారు, కోడి గుడ్లకు అక్కర్లేదు. పైగా తడిసిన పెంకు రంధ్రాల్లోంచి సూక్ష్మజీవులు లోపలికి దూరతాయి.

మీటరు చెప్పే 60ని మాత్రం నమ్మకండి. చవక మీటర్లు 10 శాతం అటూ ఇటూ చూపడం మామూలే. సీసా మూతలో ఉప్పు వేసి, నాలుగు చుక్కల నీటితో ముద్దలా తడిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచండి. ఉప్పు కరిగి నీరై పోకూడదు. పొద్దున 75 చూపాలి. 68 చూపితే, అది చెప్పే అంకెకు ఎప్పుడూ 7 కలుపుకోండి.

దానికన్నా నమ్మకమైనది తూకం. గ్రాము తేడా చూపే వంటింటి కాటా చాలు. పది గుడ్లకు పెన్సిల్‌తో గుర్తు పెట్టి కలిపి తూయండి. 450 గ్రాములుంటే 6వ రోజుకు 432, 12వ రోజుకు 414, 18వ రోజుకు 396 దగ్గరికి రావాలి. 12వ రోజున 425 ఉంటే తేమ ఇంకా ఎక్కువే. 405కి పడిపోతే ఒక చిన్న ట్రేలో నీళ్లు పెట్టండి. ట్రే లోతు పెంచితే తేమ పెరగదు, నీటి వెడల్పు పెరిగితేనే పెరుగుతుంది. 18వ రోజు లైటు పెట్టి చూస్తే గాలి గది గుడ్డులో దాదాపు మూడో వంతు కనిపించాలి.

18 రోజులు నిండగానే లెక్క తిరగబడుతుంది. గుడ్లు తిప్పడం ఆపి, పడుకోబెట్టి, ట్రేల్లో గోరువెచ్చని నీళ్లు పోసి తేమ 65–70కి తెండి. ఇప్పుడు తేమ తగ్గితే లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. రంధ్రాలు మూసి తేమ పెంచాలని చూడొద్దు, పిల్లలకు గాలి ఎక్కువ కావాల్సింది ఈ మూడు రోజుల్లోనే. పెంకు పగలడం మొదలయ్యాక మాటిమాటికీ తలుపు తీయకండి. ముందు పుట్టిన పిల్లలు ఆకలితో ఉన్నాయని కంగారు అక్కర్లేదు, కడుపులోని పచ్చసొనతో ఒక రోజు గడుపుతాయి. బొచ్చు ఆరాకే బ్రూడర్‌లోకి (పిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలోకి) మార్చండి.