చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది.. ఏ టూత్‌పేస్ట్ వాడాలి?

ప్రశ్న: నా వయసు 46. ఏడాదిగా పళ్లు తోముకునేటప్పుడు చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఈ మధ్య అది కొంత తగ్గింది కానీ నోటి దుర్వాసన పోవడం లేదు. కింది దవడలో కుడివైపు ఒక పన్ను కాస్త కదులుతోంది. ఆరు నెలల్లో అక్కడే మూడుసార్లు వాచి చీము పట్టింది. ప్రతిసారీ ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్, నొప్పి మాత్ర వేసుకుంటే రెండు రోజుల్లో తగ్గిపోయింది. ఆరేళ్లుగా షుగర్‌కు, రెండేళ్లుగా బీపీకి మందులు వాడుతున్నాను. రోజుకు ఐదారు సిగరెట్లు తాగుతాను. చిగుళ్ల జబ్బు వల్ల గుండెపోటు, మతిమరుపు వస్తాయని పరిశోధనల్లో తేలిందట, నిజమేనా? ఏ టూత్‌పేస్ట్ మంచిది? స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని అంటున్నారు, చేయించుకోవచ్చా? - ఒక పాఠకుడు

జవాబు: పేస్టు సంగతి తర్వాత చూద్దాం. ఒకేచోట మూడుసార్లు చీము పట్టిందన్నారు, మూడుసార్లూ మాత్రలతో సరిపెట్టారు. నాకు టెన్షన్ పెట్టింది ఆ మాటే. షుగర్ ఉంది, సిగరెట్ ఉంది, పన్ను కదులుతోంది. ఇవన్నీ కలిపి చూస్తే చిగుళ్ల కింద ఎముక దాకా వెళ్లిన జబ్బు, అంటే పెరియోడాంటైటిస్ అయి ఉండే అవకాశం ఎక్కువ. పంటి లోపలి నరం చచ్చిపోయి వేరు చివర చీము పట్టినా దాదాపు ఇలాగే ఉంటుంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. నోరు చూడకుండా, ఎక్స్‌రే లేకుండా ఏదని తేల్చి చెప్పడం సరికాదు. ఈ వారంలోనే దంతవైద్యుణ్ని కలవండి. నొప్పి లేదు కదా అని వాయిదా వేయకండి. చిగుళ్ల జబ్బులో నొప్పి చివరికి వస్తుంది, కొందరికి అసలు రాదు.

మరి మాత్రలతో తగ్గింది కదా అంటారు. తగ్గింది వాపు మాత్రమే. చిగురుకూ పంటికీ మధ్య సందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. జబ్బు ముదిరితే అది లోతైన సంచిలా తయారవుతుంది. మేం పాకెట్ అంటాం. దాని లోపల వేరుకు అంటుకుని గార గట్టిపడి ఉంటుంది. దాని మీద సూక్ష్మజీవులు జిగురు పొరలో కలిసికట్టుగా బతుకుతాయి. ఆ పొర లోపలికి యాంటీబయాటిక్ చాలినంతగా చేరదు. చుట్టూ కండలోకి పాకినవి మాత్రం చస్తాయి. చీము కూడా చాలాసార్లు దానంతటదే ఎక్కడో దారి చేసుకుని బయటికి వచ్చేస్తుంది. రోగికి హాయిగా అనిపిస్తుంది, మాత్ర పనిచేసిందనుకుంటాడు. ముల్లు లోపలే ఉంచి పైన మందు రాసుకున్నట్టు. అది మళ్లీ వాచక మానదు. వాచిన ప్రతిసారీ పన్నును పట్టుకుని ఉన్న ఎముక ఇంకొంచెం కరుగుతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

'ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్' అని రాశారు. అసలు అది ఇంట్లో ఎందుకు మిగిలిందండీ? ఎప్పుడో ఎవరికో రాసిన కోర్సు మధ్యలో ఆపేస్తేనే మిగులుతుంది. అది ఈ జబ్బుకు సరైన మందో కాదో తెలియదు, మోతాదు తెలియదు. రెండు రోజులు వేసి ఆపేస్తే మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగేందుకు మనమే వీలు కల్పించినట్టు. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు. పంటి చీముకు చాలామంది సొంతంగా వేసుకునే మెట్రోనిడజోల్ సంగతే తీసుకోండి. అది వాడుతూ మద్యం తాగితే వాంతులు, గుండెదడ రావచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు దానివల్ల రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

నొప్పి మాత్రల విషయంలో మీకు ఇంకో ఇబ్బంది ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బీపీని పెంచగలవు, కొన్ని బీపీ మందుల ప్రభావాన్ని తగ్గించగలవు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి మంచివి కావు. మీ కిడ్నీ పరీక్షల వివరాలు నా దగ్గర లేవు కాబట్టి ఫలానా మాత్ర వేసుకోండని ఇక్కడ రాయలేను. మీకు షుగర్ మందులు రాసే డాక్టర్‌ని అడగండి. కొందరు నొప్పి ఉన్నచోట ఆస్పిరిన్ మాత్ర నూరి పెడతారు. అది చిగురును కాల్చేస్తుంది. ఆ పుండుతో నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో మాట. మళ్లీ వాచినప్పుడు ఆ వాపు దవడ కిందికి, మెడలోకి దిగినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, జ్వరం వణుకుతో వచ్చినా దంతవైద్యుడి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పంటి ఇన్ఫెక్షన్ మెడలోకి పాకితే గంటల్లో శ్వాసకు అడ్డం పడవచ్చు. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇది ఇంకా వేగంగా జరగవచ్చు.

రక్తం కారడం తగ్గిందని రాశారు. మీరు సంతోషించారేమో, నేను మాత్రం వెంటనే సిగరెట్ల లెక్క చూశాను. పొగతాగేవాళ్ల చిగుళ్లలో రక్తం తక్కువగా వస్తుంది. వాపు, ఎరుపు కూడా పైకి అంతగా కనిపించవు. జబ్బు మాత్రం లోపల నడుస్తూనే ఉంటుంది. అందుకే వీళ్లలో చాలామంది పళ్లు కదిలాకే వస్తారు. చికిత్స చేసినా వీళ్ల చిగుళ్లు మిగతావాళ్లంత బాగా మానవు. ఒకటి ముందే చెప్తున్నా, సిగరెట్ మానేశాక కొన్నాళ్లు రక్తం ఎక్కువగా కనిపించవచ్చు. దానికి భయపడి మళ్లీ మొదలుపెట్టకండి.

పరిశోధనల గురించి అడిగారు. నా దృష్టిలో మీకు పనికొచ్చేవి గుండెపోటు వార్తలు కావు, అంతకన్నా పాతవి. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో అనే ప్రొఫెసర్ బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోమడం మానేయమంది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం, పది రోజుల్లో పోయింది. చిగుళ్ల వాపుకు పాచే కారణమని అలా తేలింది. అదే ప్రొఫెసర్ 1970 నుంచి 15 ఏళ్లు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగవాళ్లను గమనించారు. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, దంతవైద్యం అందుబాటులో లేదు, అందరి పళ్ల మీదా పాచి, గార ఉన్నాయి. అయినా దాదాపు 8 శాతం మందిలోనే జబ్బు వేగంగా ముదిరింది. 81 శాతం మందిలో ఓ మాదిరిగా సాగింది. 11 శాతం మందిలో చిగుళ్ల వాపును దాటి ముందుకే పోలేదు. అంటే పాచి ఒక్కటే కథ మొత్తం కాదు. ఒంటి తత్వం, వంశపారంపర్యం, షుగర్, పొగాకు, నోరు ఎండిపోవడం, గర్భం సమయంలో హార్మోన్ల మార్పులు, ఇవన్నీ కలిసి జబ్బు ఎంత దూరం వెళ్తుందో తేలుస్తాయి. వీటిలో మీ చేతిలో ఉన్నవి షుగర్, సిగరెట్.

షుగర్‌కూ చిగుళ్లకూ మధ్య సంబంధం రెండువైపులా నడుస్తుంది. షుగర్ ఎక్కువగా ఉంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో వాపు అలాగే ఉంటే షుగర్ అదుపు చేయడం కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం పాయింట్ల దాకా తగ్గుతున్నట్టు అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు కనిపించింది. అలాగని షుగర్ మాత్రలు తగ్గించుకోవద్దు. మీరు అంత వివరంగా రాసి హెచ్‌బీఏ1సీ ఎంతో మాత్రం రాయలేదు. ఈ మధ్య చేయించుకోలేదనే అనుకుంటున్నా. ముందు అది చేయించండి.

గుండె విషయం రెండు ముక్కల్లో చెప్తా. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపిస్తున్న మాట నిజమే. కానీ పొగాకు, షుగర్ అనేవి చిగుళ్లకూ గుండెకూ ఉమ్మడి శత్రువులు. చిగుళ్ల జబ్బే గుండెపోటు తెస్తుందని చెప్పడానికి రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టం చేసింది. ఆ తర్వాత సంబంధాన్ని బలపరిచే అధ్యయనాలు వస్తున్నాయి కానీ, చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోటు ఆగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. మతిమరుపు సంగతీ ప్రస్తుతానికి అంతే. వాటి గురించి నిద్ర పాడుచేసుకోకుండా కదులుతున్న పన్ను సంగతి చూడండి.

బీపీకి ఏ మాత్ర వాడుతున్నారో రాయలేదు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ రకం మందులతో కొందరికి చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి, ఆ మడతల్లో పాచి చేరుతుంది. మీకు అలా ఉంటే మీ డాక్టర్ మందు మార్చే ఆలోచన చేస్తారు. ఈ లోపు మీరుగా బీపీ మాత్ర ఆపారంటే చిగుళ్ల కన్నా పెద్ద ప్రమాదం తెచ్చుకుంటారు.

స్కేలింగ్‌తో పళ్లు వదులవుతాయనేది ఎంత చెప్పినా పోని అపోహ. ఎముక అప్పటికే కరిగిపోయి, గార గడ్డే పళ్లను పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది. దాన్ని తీయగానే పళ్ల మధ్య సందులు బయటపడతాయి, వాపు దిగి చిగురు కిందికి జారినట్టు ఉంటుంది, చల్లనివి తగిలితే కొన్నాళ్లు జివ్వుమంటుంది. తప్పు స్కేలింగ్ మీద పడుతుంది. మీకు బహుశా మామూలు స్కేలింగ్ సరిపోదు. చిగురు కింద వేరు దాకా శుభ్రం చేసే రూట్ ప్లానింగ్ కావాలేమో. రెండు మూడు నెలలయ్యాక పాకెట్ల లోతు మళ్లీ కొలుస్తారు. ఆ పన్ను నిలుస్తుందా, తీసేయాలా అన్నది అప్పుడు తేలుతుంది. ముందే తీసేయమని మీరు తొందరపెట్టకండి.

టూత్‌పేస్ట్ ఏదైనా ఫర్వాలేదు, ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం ఉంటే చాలు. ట్యూబు మీద రాసి ఉంటుంది. మీకు చిగుళ్లు దిగి వేర్లు బయటపడి ఉండవచ్చు. అక్కడ పంటిని కాపాడే పైపొర ఎనామిల్ ఉండదు కాబట్టి త్వరగా పిప్పి పడుతుంది, ఫ్లోరైడ్ అందుకే అవసరం. మెత్తటి బ్రష్‌తో రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమండి. నురగ ఉమ్మేయండి, నీళ్లతో గట్టిగా పుక్కిలించకండి. రక్తం వస్తోందని ఆ భాగాన్ని వదిలేయొద్దు, నిజానికి అక్కడే శ్రద్ధగా తోమాలి. పంటి సందులకు ఇంటర్‌డెంటల్ బ్రష్ ఏ సైజుదో డెంటిస్ట్‌నే అడగండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ డాక్టర్ చెప్పినన్ని రోజులే వాడాలి. నెలల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, రుచి మారుతుంది. నోటి దుర్వాసనను అది కప్పిపెడుతుందే తప్ప పాకెట్ లోపలికి చేరదు.

డెంటిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నిటి చీటీ, ఈ ఆరు నెలల్లో సొంతంగా వేసుకున్న యాంటీబయాటిక్ పేర్లు, హెచ్‌బీఏ1సీ రిపోర్ట్ తీసుకెళ్లండి. సిగరెట్ల సంగతి దాచకండి. ఎముకలకు బిస్‌ఫాస్ఫొనేట్ రకం మందులు వాడి ఉంటే, పన్ను తీసే మాట వచ్చినప్పుడు ముందే చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పంటి చికిత్స కోసం వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. అవి రాసిన డాక్టర్‌ని, డెంటిస్ట్‌ని ఇద్దరినీ అడిగాకే నిర్ణయం తీసుకోండి.