కొండ ఊళ్లకి బియ్యం పంచొచ్చా?

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర. మా కుర్రాళ్లం చందాలేసుకుని కొండ దిగువన పది సవర గిరిజన కుటుంబాలకి తలో బస్తా బియ్యం ఇద్దామనుకుంటున్నాం, సరిపోద్దా?

జవాబు: మంచి పనే తమ్ముడూ, కానీ ముందు వెళ్లి అడగండి. రేషన్ కార్డున్న ఇంటికి మనిషికి 5 కిలోలు, అంత్యోదయ (మరీ పేదోళ్లకిచ్చే కార్డు) అయితే ఇంటికి 35 కిలోల బియ్యం ఎలాగూ వస్తాయి, లేనిది పప్పు, నూనె, ఉప్పు, చింతపండు, పిల్లలకి చోడిపిండి (రాగిపిండే, అంబలి కాస్తే పూట గడుస్తాది). 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు మేం పులిహోర పొట్లాలు పట్టుకెళ్లాం, చెట్లు పడి రోడ్డు మూసుకుపోయి చేరేసరికి అన్నీ పులిసిపోయాయి, ఒక ముసలమ్మ పొట్లం విప్పి వాసన చూసి ఏమీ అనకుండా మళ్లీ కట్టేసింది, ఇప్పటికీ గుర్తే. కాబట్టి వండింది వద్దు, పచ్చి సరుకే ఇవ్వండి. అదీ సంక్రాంతికి కాదు, అప్పుడు కొత్త పంట ఉంటాది కదా, శ్రావణ భాద్రపదాల్లో గింజలు అయిపోతాయి, అప్పుడు వెళ్లండి. కార్డు లేనోళ్లు కనపడితే గ్రామ సచివాలయంలో అప్లికేషన్ పెట్టించండి, మీరిచ్చే బస్తా ఒక్క నెలకే సరిపోద్ది, కార్డైతే నెలనెలా బియ్యం వస్తాయి. ఆ, ఫొటోలు మాత్రం వద్దు బాబూ.