పాత శాంప్లర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్

ప్రశ్న: నా దగ్గరున్న, శబ్దాలను రికార్డు చేసుకుని వాటితో సంగీతం వాయించే అకాయ్ ఎంపీసీ60 శాంప్లర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చాలనుకుంటున్నాను. ఫ్లాపీతో ఎక్కిస్తే సరిపోతుందా? నా శబ్దాలు పోతాయా?

జవాబు: ఫ్లాపీతో అయ్యే పని కాదండీ, 1988లో వచ్చిన ఈ యంత్రంలో ఆపరేటింగ్ సిస్టమ్ ఈప్రామ్ చిప్పులలో (కరెంటు లేకపోయినా ప్రోగ్రామును నిలుపుకునే చిప్పులు) ఉంటుంది కాబట్టి, వాటిని తీసి కొత్త వెర్షన్ చిప్పులను అమర్చవలసి ఉంటుంది. కరెంటు తీయగానే ర్యామ్‌లోని శబ్దాలు ఎలాగూ చెరిగిపోతాయి కనుక, మూత విప్పకముందే అన్నింటినీ ఫ్లాపీలలో భద్రపరచి, ఒకసారి తిరిగి లోడ్ చేసి చూసుకోండి; పాత ఫ్లాపీని గుడ్డిగా నమ్మవద్దనే నేను చెబుతాను. ప్లగ్ పీకి, చేతిలోని స్థిర విద్యుత్తు పోయేలా లోహాన్ని తాకిన తరువాత, చిప్పును రెండు కొసల నుంచీ కొద్దికొద్దిగా లేపండి. చిప్పుకు ఒక చివర అర్ధచంద్రాకారపు గంటు ఉంటుంది. అది సాకెట్ మీది గంటు వైపే ఉండాలి, తిరగేసి పెట్టి కరెంటిస్తే చిప్పు కాలిపోవచ్చు. తీసిన పాత చిప్పులను పారేయకండి.