‘మంత్రగత్తె’ చెడ్డమాటా?

సందేహం: టెర్రీ ప్రాచెట్ ఇంగ్లీషులో రాసిన ‘ది వీ ఫ్రీ మెన్’ (2003) అనే హాస్య నవలను మా అమ్మాయికి రోజూ కొంత తెలుగులో చెబుతున్నాను. మంత్రవిద్య వైపు అడుగువేసే టిఫనీ అనే తొమ్మిదేళ్ల పిల్ల కథ అది. ‘మంత్రగత్తె’ అనగానే మా అత్తగారు, పిల్లల ముందు ఆ మాట వద్దన్నారు. ‘మాంత్రికురాలు’ అంటే గౌరవంగా ఉంటుందా? నా స్నేహితురాలు ‘మంత్రసాని’ అనమంటోంది. ‘శిక్షణలో ఉన్న మంత్రగత్తె’ అనడం సరైనదేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారి జంకులో న్యాయం ఉంది. అయినా ‘మంత్రగత్తె’ అనే చెప్పండి.

మాట నిర్మాణంలో దోషమేమీ లేదు. చెలికాడు–చెలికత్తె, అందగాడు–అందగత్తె ఎలాంటి జంటలో మంత్రగాడు–మంత్రగత్తె అలాంటి జంటే. అందగత్తె అంటే మురిసిపోయే చెవి మంత్రగత్తె అంటే ఉలిక్కిపడుతోందంటే దానికి కారణం మన ఊళ్లలో జరిగిన అన్యాయాలు. చేతబడి అన్నా, బాణామతి అన్నా, చిల్లంగి అన్నా నింద ఒక్కటే. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ కనిపిస్తే చాలు, గేదె చచ్చినా, పసిబిడ్డకు జ్వరం తగిలినా వేళ్లన్నీ ఆమె వైపే తిరుగుతాయి. ఆ నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు ఈ కాలంలోనూ చదువుతున్నాం. ఆ మాటకు అంటిన నెత్తురు మీ అత్తగారికి తెలుసు.

‘మాంత్రికురాలు’ తప్పు రూపం కాదు. మంత్ర శబ్దానికి ‘ఇక’ ప్రత్యయం చేరి, మొదటి అచ్చుకు వృద్ధి వచ్చి ‘మాంత్రిక’ అయింది. నాయకుడు–నాయకురాలు పద్ధతిలో దానికి స్త్రీరూపం. అయితే సంస్కృత రూపం తొడిగినంత మాత్రాన గౌరవం రాదు. మాంత్రికుడు అనగానే మనలో చాలామందికి కళ్ల ముందు నిలిచేది ‘పాతాళభైరవి’ (1951)లో ఎస్వీ రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడే. ఆయనను చూసి ఎవరూ నమస్కారం పెట్టరు.

అసలు కారణం కథలోనే ఉంది. టిఫనీ ఊళ్లో స్నాపర్లీ అనే ముసలావిడ ఉండేది. ఆమెకు ఏ మంత్రమూ రాదు. చూడటానికి కథల్లో చెప్పినట్టు ఉందని, జమీందారు కొడుకు కనిపించకుండా పోయిన పాపాన్ని ఊరు ఆమె నెత్తిన రుద్దింది. గుడిసె తగలబెట్టారు, ఆమె ముసలి పిల్లిని రాళ్లతో కొట్టి చంపారు. నిలువనీడ లేక ఆమె ఆ చలికాలం మంచులోనే ప్రాణం విడిచింది. ఇక ముందు ఎవరికీ అలా జరగకూడదనే టిఫనీ తానే ఆ వృత్తిలోకి వెళ్లాలనుకుంటుంది. ఇప్పుడు చూడండి. ఊరు ముసలమ్మను ‘మంత్రగత్తె’ అని తరిమి, ఈ పిల్ల మాత్రం ‘మాంత్రికురాలు’ కావాలనుకుంటే రెండిటికీ లంకె తెగిపోతుంది. నింద ఏ మాటతో పడిందో ఆ మాటనే పిల్ల తన పేరుగా చేసుకుంటోంది. ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకే మాట ఉంది. తెలుగులోనూ ఒకే మాట ఉండాలి.

మాటలను అంత గట్టిగా పట్టుకునే పిల్ల ఆమె. వరుసగా చదివే పుస్తకం కాదని ఎవరూ చెప్పకపోవడం వల్ల నిఘంటువును మొదటి నుంచి చివరిదాకా చదివేసింది. నీటిదయ్యానికి సూప్ పళ్లేలంత కళ్లు ఉంటాయని పుస్తకంలో చదివి, వంటింట్లో పళ్లెం తీసి కొలిచింది: ఎనిమిది అంగుళాలు! ఈ ఘట్టం చెప్పేటప్పుడు తెలుగుదనం కోసమని ‘చేటంత కళ్లు’ అనకండి. మన ‘చేటంత ముఖం’, ‘తాటికాయంత అక్షరాలు’ కొలవడానికి పుట్టిన మాటలు కావు. ‘పళ్లెమంత’ అంటే పిల్ల లేచి వెళ్లి కొలవగలదు, మీ అమ్మాయి కూడా.

‘మంత్రసాని’ సూచన తేలిగ్గా తీసిపారేసేది కాదు. మంత్రం ఆ మాటలో ఉంది, ‘దొరసాని’లోని సానీ ఉంది. ప్రాచెట్ లోకంలో మంత్రగత్తెలు కాన్పులు చేస్తారు, రోగులను చూస్తారు, చనిపోయినవారి పక్కన రాత్రంతా మేలుకొని కూర్చుంటారు. కానీ తెలుగులో మంత్రసాని అంటే కాన్పు చేసే ఆవిడే. టిఫనీని అలా పిలిస్తే పురుళ్లు పోయడం నేర్చుకుంటోందనే అనుకుంటారు. కథలో ఎవరైనా కాన్పుకు వెళ్లే చోట వాడండి. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి’ అనే సామెత అక్కడ చక్కగా నప్పుతుంది.

ఇక ‘శిక్షణలో ఉన్న మంత్రగత్తె’. ఇందులో పోలీసు ఉద్యోగపు వాసన ఉంది. పైగా శిక్ష అంటే సంస్కృతంలో నేర్చుకోవడం, తెలుగులో దండన. చదివేటప్పుడు ఒక్క ‘ణ’ జారితే పాపం ఆ పిల్ల శిక్ష అనుభవిస్తున్నట్టే. తరువాతి నవలలో పదకొండేళ్ల టిఫనీ ఒక పెద్దావిడ ఇంట ఉండి పని నేర్చుకుంటుంది. మేకలను చూడటం, ఇల్లిల్లూ తిరిగి మందులివ్వడం అందులో భాగాలు. దీనికి మనకు నిండైన మాట ‘శిష్యరికం’. ‘మంత్రగత్తె దగ్గర శిష్యరికం చేస్తున్న పిల్ల’ అనండి. ‘మంత్రగత్తె శిష్యురాలు’ అని కుదిస్తే గురువు మంత్రగత్తె అని మాత్రమే తెలుస్తుంది, ఈ పిల్ల ఏమి నేర్చుకుంటోందో తెలియదు.

‘చిన్నారి’, ‘చిట్టి’ తగిలించకండి. టిఫనీ అంత ముద్దులొలికే పిల్ల కాదు, పెనంతో దయ్యాన్ని కొట్టిన పిల్ల! ‘బుల్లి మంత్రగత్తె’ను మాత్రం కథలో వచ్చే ఫీగిల్ అనే నీలిరంగు మరుగుజ్జు మనుషుల కోసం దాచిపెట్టండి. ఆరంగుళాల ఎత్తున్న వాళ్లు తలలెత్తి ఆ పిల్లను ‘బుల్లి’ అని పిలిచినప్పుడు మీ అమ్మాయి తప్పకుండా నవ్వుతుంది.