కొత్త ఊళ్లలో అంత త్వరగా బ్రాస్ బ్యాండ్ ఎలా కట్టారు?

1800ల్లో అమెరికా పడమటి వైపు అప్పుడప్పుడే వెలుస్తున్న ఊళ్లలో రైతులు, కమ్మరులు కలిసి అంత త్వరగా బ్రాస్ బ్యాండ్, అంటే ఇత్తడి బాకాల మేళం, ఎలా కట్టగలిగారని ఒకరు అడిగారు. నాకు ఆ జవాబు మా ఇంట్లోనే దొరికింది.

మా నాన్న గుంటూరు జిల్లాలో పెళ్లిళ్ల బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించేవారు. నాకు పద్నాలుగేళ్లప్పుడు ఓ పెళ్లిరోజు పొద్దున్నే యుఫోనియం వాయించే బాబాయికి జ్వరం తగిలింది. నాకేమో ట్రంపెట్ తప్ప ఇంకోటి రాదు. నాన్న ఆ పెద్ద బాకా నా ఒళ్లో పెట్టి, "వేళ్లు అవేరా. పెదాలు కాస్త వదులు చెయ్యి, గాలి నిండుగా ఊదు" అన్నారు. సాయంత్రం ఊరేగింపులో మూడు పాటలకు నిలబడ్డాను.

కిటుకంతా అక్కడే ఉంది. 1840ల్లో అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం వాద్యాల తయారీదారు చిన్నా పెద్దా బాకాలన్నిటినీ మూడు మీటలతో ఒకే వరసలో చేశాడు. ఒకటి వచ్చినవాడు మిగతావి తొందరగా పట్టుకోగలడు. ఒక్క గురువు ఉంటే పన్నెండు మందిని తయారు చెయ్యొచ్చు. అదే ఫిడేలుకైతే ఏళ్లు పడుతుంది, పైగా ఆరుబయట వినపడదు. 1861-65 అమెరికా అంతర్యుద్ధం ముగిశాక సైనిక బ్యాండుల్లో వాయించినవాళ్లు ఊళ్లకు చేరడంతో నేర్పేవాళ్లకూ కొదవ లేకపోయింది.

బ్యాండు కడుపు కూడా నింపింది. 1846లో మార్మన్లు అనే మతవర్గం వాళ్లు ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూ పట్టణం వదిలి అయోవా రాష్ట్రం మీదుగా పడమటికి వెళ్తున్నప్పుడు, వాళ్లలోని విలియం పిట్ నడిపిన బ్యాండు దారిలో ఊళ్లలో కచేరీలు చేసి డబ్బు, తిండిగింజలు సంపాదించింది.

నేనిప్పుడు అమెరికా పడమటి వైపు ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఉంటాను. దగ్గర్లోనే అరోరా ఉంది. మిస్సోరీ నుంచి వచ్చిన జర్మన్ కుటుంబాలు 1856లో కట్టుకున్న ఊరది. వాళ్ల బ్యాండును చుట్టుపక్కల ఊళ్లు పండగలకు పిలిపించుకునేవి. అక్కడి మ్యూజియంలో పొడుగాటి కర్రకు గంటలు వేలాడదీసిన షెల్లెన్‌బౌమ్ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆ కాలంలో భుజం మీదుగా వెనక్కి తిరిగిన బాకాలు కూడా ఉండేవి. బ్యాండు ముందు నడుస్తుంది కాబట్టి, వెనకొచ్చే సైనికులకు వినపడాలని అలా చేశారు. అలాంటి బాకా ఫొటో నాన్నకు పంపితే వెంటనే ఫోన్ చేశారు. "మన ఊరేగింపులో కూడా పెళ్లికొడుకు కారు మన వెనకాలే కదరా వచ్చేది, ఇలాంటివి మాకూ ఉంటే ఎంత బాగుండేది" అన్నారు.